మిల్లీగ్రాము కూడా లేని విషం

1974లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల రసాయన శాస్త్రవేత్త జాన్ డేలీ, కప్పల నిపుణుడు చార్లెస్ మయర్స్ కలిసి ఈక్వడార్‌లో రంగురంగుల విషపు కప్పల్ని సేకరిస్తున్నారు. వాటిలో ఒకటి ఎపిపెడోబేట్స్ ఆంథోనీ. పొడవు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ, ముదురు ఎరుపు ఒంటి మీద పాలతెలుపు చారలు. ఆ ముస్తాబు ముచ్చటకు కాదు, నా జోలికి రావద్దని వేటజీవులకు హెచ్చరిక.

దాని చర్మం నుంచి తీసిన సారాన్ని చిట్టెలుకకు ఎక్కిస్తే తోక వీపు మీదికి నిక్కింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ జాతి మందులిస్తే కనిపించే లక్షణమది. చిత్రమేమిటంటే, మార్ఫిన్‌ను అడ్డుకునే నలోక్సోన్ దీన్ని అడ్డుకోలేదు. అంటే ఇది పనిచేసే దారే వేరు. ఏ దారి?

తేల్చుకుందామని 1976లో మళ్లీ వెళ్లి 750 కప్పల్ని పట్టారు. అన్ని చర్మాల నుంచీ వడగట్టగా మిగిలిన అసలు పదార్థం మిల్లీగ్రాము కూడా లేదు. నిర్మాణం తేల్చడానికి ఆనాటి పరికరాలకు అది చాలదు. పోనీ కప్పల్నే పెంచుదామంటే, ప్రయోగశాలలో పుట్టి పెరిగిన వాటిలో విషమే లేదు! ఈ కప్పలు తమ విషాన్ని తయారు చేసుకోవని, అడవిలో తినే చీమలు, నల్లి జాతి పురుగుల వంటి వాటి నుంచి చర్మంలో దాచుకుంటాయని తర్వాత్తర్వాత అర్థమైంది. పండ్ల ఈగలు మేపితే విషం ఎక్కడి నుంచి వస్తుంది?

డేలీ ఉన్న కాస్త నమూనాను ఖర్చు చెయ్యకుండా ఏళ్ల తరబడి దాచాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు ప్రతిభ అదే. అణువుల నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రాలు పదునెక్కాక, 1992లో గుట్టు వీడింది. ఒక క్లోరిన్ పరమాణువున్న బుల్లి అణువు, ఎపిబాటిడిన్. అది నాడీకణాల మీద నికోటిన్ అతుక్కునే గ్రాహకాలకే అతుక్కుంటుంది. నొప్పి తగ్గించడంలో మార్ఫిన్‌కు సుమారు 200 రెట్లు.

మందుగా మాత్రం పనికిరాలేదు. నొప్పి తీసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఎడం మరీ తక్కువ. ఎబట్ కంపెనీ దాని పోలికలో ఏబీటీ-594 తయారు చేసింది గానీ, దుష్ప్రభావాల వల్ల మనుషుల మీది పరీక్షల దశలోనే ఆగిపోయింది.

ఇంత విషం మోస్తూ కప్ప ఎలా బతుకుతోంది? 2017లో శాస్త్రవేత్త రెబెకా టార్విన్ బృందం దానికీ జవాబు పట్టుకుంది. కప్ప గ్రాహకంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పుతో ఎపిబాటిడిన్‌కు పట్టు సడలింది.