పీప్స్ దాచిన చిరుపొత్తాలు: 17వ శతాబ్ది ఇంగ్లండులో సామాన్య పఠనం

17వ శతాబ్దిలో ఇంగ్లండు సామాన్యులు ఏమి చదివారన్న ప్రశ్నకు మిల్టన్, డ్రైడన్ల కృతులు సమాధానం చెప్పవు. సంచి వర్తకులు ఊరూరా తిరిగి కొద్దిపాటి పెన్నీలకు అమ్మిన చిరుపొత్తాలను పరిశీలించాలి. 1664లో మరణించిన లండన్ పుస్తక వర్తకుడు చార్లెస్ టయాస్ ఆస్తిపట్టికలో సుమారు 90,000 చిరుపొత్తాలకు సరిపడే సరుకు నమోదైంది.

అయితే చదివినవారు వాటిని దాచుకోలేదు. నలిగిన కాగితం పొట్లాలకో పొయ్యికో పోయింది. నేడు లభిస్తున్నవాటిలో గణనీయ భాగం నౌకాదళ పాలనాధికారి, దినచర్యా రచయిత శామ్యూల్ పీప్స్ (1633–1703) సేకరణ. కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలకు చేరిన ఆయన 3,000 సంపుటాల గ్రంథాలయంలో ఇవి శాస్త్రగ్రంథాల సరసనే ఉన్నాయి. వినోద పొత్తాలు మూడు సంపుటాలు, భక్తి పొత్తాలు ఒక్కటే. దీన్నిబట్టి జనం భక్తికంటె హాస్యాన్నే ఎక్కువ కోరారనడం తొందరపాటు. ఆ నిష్పత్తి పీప్స్ అభిరుచిది కావచ్చు. ఆయన సంపన్నుడు, నగరవాసి.

ఇందుకు భిన్నమైన సాక్ష్యం జాన్ బన్యన్‌ది. పాత్రలకు మాట్లు వేసే కుటుంబంలో పుట్టిన ఆయన, 1658 నాటి రచనలో, బైబిలును కాదని బెవిస్ వీరగాథను కోరుకునే పాపిని చిత్రించాడు. అది స్వానుభవమేనని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అంటే ఆ పాఠకుడు మనకు వినిపించేది పశ్చాత్తాపపు గొంతుతోనే.