అల్యూమినియం ఇంజను బ్లాకు

అల్యూమినియం మిశ్రలోహంతో పోతపోసిన ఇంజను బ్లాకును అల్యూమినియం ఇంజను బ్లాకు అంటారు. అంతర్దహన యంత్రంలో సిలిండర్లను, వాటి చుట్టూ శీతలద్రవం (కూలెంటు) పారే దారులను, క్రాంకుషాఫ్టును మోసే బేరింగు పీఠాలను కలిగి ఉండే ప్రధాన భాగమే బ్లాకు. చాలాకాలం దీనిని ఎక్కువగా పోత ఇనుముతోనే చేసేవారు. పందెపు కారుకు అల్యూమినియం బ్లాకు అమర్చడం అంత కష్టమైన విషయం కాదు. పందెం ముగిశాక ఇంజనును విప్పి సరిచూసుకోవచ్చు. రోజూ రోడ్డు మీద తిరిగే అధిక సామర్థ్యపు కారు సంగతి వేరు. అది చలిలో స్టార్టు కావాలి, రద్దీలో నిలబడి వేడెక్కినా తట్టుకోవాలి, దొరికిన పెట్రోలుతో నడవాలి, ఏళ్ళ తరబడి విప్పకుండా పనిచేయాలి. ఈ పరీక్షలో అల్యూమినియం బ్లాకు ఒక్కసారిగా నెగ్గలేదు.

లోహ గుణాలు

అల్యూమినియం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములు, పోత ఇనుముది సుమారు 7.2 గ్రాములు. అయితే బ్లాకు బరువు ఇదే నిష్పత్తిలో తగ్గదు. అల్యూమినియానికి దృఢత్వం తక్కువ కనుక గోడలను మందంగా పోతపోయాలి, పక్కటెముకల వంటి ఆధారాలు చేర్చాలి. ఇంత చేసినా పెద్ద వి-8 ఇంజనులో సుమారు 40-45 కిలోలు ఆదా అవుతుంది. ఇంజను ముందుభాగంలో ఉండే కార్లలో ఈ బరువు ముందు ఇరుసు మీద తగ్గుతుంది కాబట్టి, మలుపు తిరిగేటప్పుడు దాని ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది.

అల్యూమినియం మిశ్రలోహాల ఉష్ణవాహకత పోత ఇనుము కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. మన వంటింట్లో సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నె త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. బరువైన ఇనుప పెనం చాలాసేపు వేడిని నిలుపుకుంటుంది. ఇంజనులోనూ భేదం ఇటువంటిదే.

చిక్కంతా వ్యాకోచంతో వస్తుంది. 100 మిల్లీమీటర్ల పొడవుగల అల్యూమినియం ముక్క 80 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే సుమారు 0.17 మి.మీ. పెరుగుతుంది, పోత ఇనుము 0.09 మి.మీ. మాత్రమే. క్రాంకుషాఫ్టు ఉక్కుది లేదా ఇనుముది, దాని చుట్టూ ఉన్న పీఠం అల్యూమినియంది. కనుక ఇంజను వేడెక్కే కొద్దీ బేరింగు సందు పెరిగి, నిలకడ వేగంలో ఆయిలు పీడనం కొంత తగ్గుతుంది. ఇంజనును బిగించే మెకానిక్కు ఈ సందును ఇనుప బ్లాకు లెక్కతో వదిలితే పొరపాటే.

సిలిండరు గోడ సమస్య

సాధారణ అల్యూమినియం మీద పిస్టను రింగులు నేరుగా రాసుకుంటే గోడ త్వరగా పాడవుతుంది. అన్నిటికన్నా పాత, సురక్షితమైన ఉపాయం ఇనుప లైనరు. 1961 మోడలుగా వచ్చిన 3.5 లీటర్ల బ్యూయిక్ వి-8లో ఇదే పద్ధతి. జనరల్ మోటార్స్ దానిని 1963తో ఆపివేయగా, హక్కులు కొన్న బ్రిటన్ సంస్థ రోవర్ దానినే మెరుగుపరచి కొన్ని దశాబ్దాలు వాడుకుంది.

1969లో షెవర్లే సంస్థ 7 లీటర్ల జడ్ఎల్1 ఇంజనును రోడ్డు కార్లలో అమర్చింది. ఇదీ ఇనుప లైనర్లు గల అల్యూమినియం బ్లాకే. కమారో కారులో ఈ ఇంజనుకు అదనంగా చెల్లించవలసిన మొత్తం కారు మూలధరను మించిపోయింది. అందువల్ల తయారైన కమారోలు 69 మాత్రమే.

చౌకలో చేయబోయిన ప్రయత్నం షెవర్లే వేగా. 1970లో విడుదలైన ఈ చిన్న కారు 2.3 లీటర్ల బ్లాకుకు లైనర్లు లేవు. సుమారు 17 శాతం సిలికాన్ ఉన్న మిశ్రలోహంతో పోతపోసి, గోడపై అల్యూమినియాన్ని కొద్దిగా కరిగించి, గట్టి సిలికాన్ రేణువులు పైకి తేలేలా చేశారు. ఆలోచనలో లోపం లేదు. కానీ బ్లాకు మీద బిగించిన హెడ్డు ఇనుముది, శీతలద్రవం పరిమాణం స్వల్పం. ఇంజను అతిగా వేడెక్కితే సిలిండర్లు వంకరపోయి, ఆయిలు మండి పొగ వచ్చేది. 1975-76లలో ఇదే బ్లాకుకు అల్యూమినియం హెడ్డు, నాలుగు కవాటాల అమరికతో కాస్‌వర్త్ వేగా అనే మేలురకం వచ్చింది కానీ, అప్పటికే పేరు చెడిపోయింది. అదే తరహా అధిక సిలికాన్ మిశ్రలోహాన్ని 1977లో పోర్షే 928లో వాడారు, అక్కడ అది చక్కగా పనిచేసింది. కాబట్టి తప్పు లోహానిది అనడం న్యాయం కాదు.

మరొక పద్ధతి నికెల్-సిలికాన్ కార్బైడు పూత. 1990లలో బీఎండబ్ల్యు, జాగ్వార్ వి-8 ఇంజన్లలో ఈ పూతను గంధకం ఎక్కువగా ఉన్న పెట్రోలు తినివేసింది. ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపివేసే చిన్న చిన్న ప్రయాణాలలో నష్టం ఇంకా ఎక్కువ. చివరకు బీఎండబ్ల్యు అధిక సిలికాన్ బ్లాకుకు, జాగ్వార్ ఇనుప లైనర్లకు మారాయి.

1997లో కార్వెట్‌తో వచ్చిన 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజను (345 అశ్వశక్తి) పోతలోనే కలిసిపోయిన ఇనుప లైనర్లతో ఈ రకం బ్లాకును సామాన్యం చేసింది. 2011 మోడలు ఫోర్డు షెల్బీ జీటీ500లో లైనర్లు కూడా తీసివేసి, విద్యుత్ చాపంతో కరిగించిన ఇనుమును గోడలపై పలుచని పొరగా చల్లారు. అంతకుముందరి ఇనుప బ్లాకుతో పోలిస్తే ఇంజను 102 పౌండ్లు, అంటే సుమారు 46 కిలోలు, తేలికైంది.

ఇనుము నిలిచిన చోట

టర్బో, సూపర్ చార్జరులతో సిలిండరులో పీడనం బాగా పెంచేవారు ఇనుప బ్లాకును వదలలేదు. 2015 మోడలు డాడ్జ్ హెల్‌క్యాట్ 707 అశ్వశక్తి ఇంజను బ్లాకు ఇనుముదే. టొయోటా సూప్రాలోని 2జేజడ్ ఇంజనుకు నేటికీ ఉన్న గిరాకీకి దాని ఇనుప బ్లాకు ఒక ముఖ్య కారణం. మరోవైపు 2007 నాటి నిస్సాన్ జీటీ-ఆర్ రెండు టర్బోలతో అల్యూమినియం బ్లాకునే వాడింది. సిలిండర్ల పైభాగం బ్లాకుతో కలిసి మూసుకుని ఉంటే, అధిక పీడనంలోనూ గోడలు కదలవు. పైభాగం తెరిచి ఉంచిన బ్లాకులు పోతకు సులువే గాని ఆ బలం వాటికి తక్కువ.

వాడుకలో జాగ్రత్తలు

ఒక్కసారి తీవ్రంగా వేడెక్కినా అల్యూమినియం బ్లాకు వంగవచ్చు. ఉష్ణోపచారంతో లోహానికి వచ్చిన గట్టిదనమూ తగ్గవచ్చు. సూచిక ఎరుపు గీత దాటాక "ఇంటి దాకా వెళ్దాం" అనుకోవడం ఖరీదైన నిర్ణయం. రేడియేటరులో బోరు నీళ్ళు పోసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. ఆ నీటిలోని లవణాల వల్ల, ఇనుము, అల్యూమినియం తాకే చోట విద్యుత్ రసాయన క్షయం మొదలవుతుంది. క్షయనిరోధకం గల శీతలద్రవాన్నే వాడి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి. స్పార్కు ప్లగ్గులు, బోల్టులు బిగించేటప్పుడు నిర్ణీత బలం దాటితే మరలు ఊడివస్తాయి.

మందమైన ఇనుప లైనర్లను కొద్దిగా తొలిచి పెద్ద పిస్టన్లు వేయవచ్చు. పూత పూసిన, అధిక సిలికాన్ గోడలున్న బ్లాకులను సాధారణ లేతు దుకాణంలో బాగుచేయడం సాధ్యం కాదు. ప్రత్యేక పనిముట్లు కావాలి, లేదా కొత్త లైనర్లు దింపించాలి. పాత కారు కొనేవారు బేరానికి ముందే దాని బ్లాకు ఏ రకానిదో తెలుసుకోవడం మంచిది.