ఆక్స్‌ఫర్డ్‌లో రాడ్‌క్లిఫ్ సైన్స్ లైబ్రరీ

లండన్‌లో రాజకుటుంబీకులకు సైతం వైద్యం చేసి విస్తారంగా ఆర్జించిన జాన్ రాడ్‌క్లిఫ్ 1714లో మరణించేనాటికి, తాను చదువుకున్న ఆక్స్‌ఫర్డ్‌లో గ్రంథాలయ భవనం కట్టడానికి 40,000 పౌండ్లు, గ్రంథపాలకుని జీతానికి ఏటా 150 పౌండ్లు, పుస్తకాల కొనుగోలుకు ఏటా 100 పౌండ్లు వీలునామాలో రాసి ఉంచాడు. ఆయనకు పుస్తకాలంటే పెద్ద మక్కువ ఉండేది కాదని, లింకన్ కాలేజీలో ఉన్న రోజుల్లో ఆయన గ్రంథాలయం ఎక్కడని అడిగినవారికి కొన్ని మందు సీసాలను, ఒక అస్థిపంజరాన్ని, ఒక మూలికల పుస్తకాన్ని చూపించాడని కథగా చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, భవనానికి అంత ధారాళంగా ఇచ్చిన దాత పుస్తకాలకు మాత్రం వాటిని కాపాడే ఉద్యోగి జీతం కన్నా తక్కువ కేటాయించడం వల్ల, జేమ్స్ గిబ్స్ రూపకల్పనతో 1737లో మొదలై 1749లో తెరుచుకున్న ఆ గుండ్రని గుమ్మటపు భవనం చాలాకాలం పాఠకుల కన్నా చూడవచ్చినవారికే ఎక్కువ ఉపయోగపడింది.

తొలి అరవై ఏళ్ళలో ఆ గ్రంథాలయానికి ఒక నిర్దిష్ట లక్ష్యమంటూ లేదు. గిబ్స్ తన సొంత పుస్తకాలను దానికే రాసి ఇవ్వగా, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సూరత్‌లో ఉన్న జేమ్స్ ఫ్రేజర్ సేకరించిన సంస్కృత, పారశీక రాతప్రతులు కూడా ఆయన మరణానంతరం అక్కడికే చేరాయి. 1811లో గ్రంథపాలకుడైన వృక్షశాస్త్ర ఆచార్యుడు జార్జ్ విలియమ్స్ వైద్యం, ప్రకృతి శాస్త్రాల పుస్తకాలకే ప్రాధాన్యమిచ్చి కొనుగోళ్ళు సాగించడంతో, అది విజ్ఞానశాస్త్ర గ్రంథాలయంగా రూపుదిద్దుకోసాగింది.

అసలు మలుపు 1861లో వచ్చింది. అంతకు పదకొండేళ్ళ ముందు ప్రకృతి శాస్త్రాలను ప్రత్యేక పట్టా విభాగంగా గుర్తించిన విశ్వవిద్యాలయం, చెల్లాచెదురుగా ఉన్న బోధనను ఒకచోట చేర్చడానికి ఊరికి ఉత్తరంగా పార్క్స్ రోడ్డు మీద మ్యూజియం కట్టించింది. ఆ ప్రయత్నానికి ముందు నిలిచిన వైద్యుడు హెన్రీ ఆక్లండ్ రాడ్‌క్లిఫ్ గ్రంథపాలకుడు కూడా కావడంతో, పుస్తకం ప్రయోగశాల పక్కనే ఉండాలన్న తన వాదాన్ని నెగ్గించుకుని, శాస్త్రగ్రంథాలన్నింటినీ మ్యూజియం మేడమీదికి తరలించాడు. డార్విన్ సిద్ధాంతం మీద బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ థామస్ హక్స్‌లీకీ మధ్య 1860 జూన్ 30న జరిగిన ప్రసిద్ధ వాగ్వాదానికి వేదికైన గది, ఈ గ్రంథాలయం కోసం సిద్ధమవుతున్న గదే. అప్పటికి అందులోకి పుస్తకాలు రాలేదు. ఖాళీ అయిన పాత భవనం, విశ్వవిద్యాలయ ప్రధాన గ్రంథాలయమైన బోడ్లియన్‌కు పఠనమందిరంగా మారి, గది అనే అర్థమిచ్చే లాటిన్ మాటతో రాడ్‌క్లిఫ్ కెమెరా అని పేరు తెచ్చుకుంది.

మ్యూజియం గదులు త్వరలోనే ఇరుకైనందున, లండన్‌లోని ప్రాచీన బట్టల వర్తకుల సంఘమైన డ్రేపర్స్ కంపెనీ ఇచ్చిన విరాళంతో, థామస్ గ్రాహం జాక్సన్ రూపకల్పనలో, పార్క్స్ రోడ్డు, సౌత్ పార్క్స్ రోడ్డు కలిసే మూలన కొత్త భవనం 1901లో తెరుచుకుంది.

1927లో గ్రంథాలయం బోడ్లియన్‌లో భాగమైంది. దాని స్వభావాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది ఈ విలీనమే. థామస్ బోడ్లీ 1610లో లండన్ ముద్రాపకుల సంఘంతో కుదుర్చుకున్న ఒప్పందం నుంచి ఎదిగిన చట్టబద్ధ సమర్పణ విధానం ప్రకారం, దేశంలో అచ్చయ్యే ఏ పుస్తకం ప్రతినైనా ఉచితంగా కోరే హక్కు బోడ్లియన్‌కు ఉంది. తెలుగు ప్రచురణకర్తలు కూడా తమ పుస్తకాలను కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు పంపవలసి రావడానికి కారణమైన 1954 నాటి భారత చట్టం ఈ కోవలోనిదే. విలీనం తరువాత ఆ హక్కు కింద వచ్చే శాస్త్రగ్రంథాలు, పత్రికలు పార్క్స్ రోడ్డు మూలనున్న ఈ భవనానికి ప్రవహించాయి. ఏటా 100 పౌండ్లతో మొదలైన గ్రంథాలయానికి పుస్తకాల కొరత తీరి స్థలం కొరత మొదలైంది: 1934లో హ్యూబర్ట్ వర్తింగ్టన్ కట్టిన కొత్త విభాగం సరిపోక, 1970వ దశకంలో మ్యూజియం ముందున్న పచ్చిక కింద భూగర్భ గదులు తవ్వవలసి వచ్చింది. ఆ పచ్చిక మీద నడిచే సందర్శకులలో చాలామందికి తమ కాళ్ళ కింద ఒక గ్రంథాలయం ఉన్న సంగతి తెలియదు.

అయితే బోడ్లియన్‌తో పాటు దాని పట్టుదల కూడా వచ్చింది. అంతర్యుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లోనే విడిది చేసిన మొదటి చార్లెస్ రాజుకే పుస్తకం ఎరువివ్వని సంస్థ కనుక, దాని శాస్త్రశాఖలోని పుస్తకాలనూ అక్కడే కూర్చుని చదవాలి తప్ప ఇంటికి తీసుకుపోవడానికి వీలుండేది కాదు. పరిశోధకునికి ఇది సహించదగినదే గాని, పాఠ్యపుస్తకం కోసం వచ్చే పట్టా విద్యార్థికి ఇబ్బందే. వారి కోసం విడిగా నడిచిన హుక్ గ్రంథాలయం ఈ శతాబ్దపు తొలి దశకంలో ఇందులో కలిశాక గాని ఆ లోటు తీరలేదు.

ఈలోగా శాస్త్ర పత్రికలు తెరమీదికి మారాయి. 2013 నుంచి సమర్పణ హక్కు డిజిటల్ ప్రచురణలకూ విస్తరించింది గాని, అలా అందిన ప్రతిని గ్రంథాలయ ఆవరణలోని కంప్యూటరు మీదే చదవాలన్న షరతు ఉంది. అరల్లో పట్టని పాత సంపుటాలకు 2010లో తెరిచిన స్విండన్ గిడ్డంగి ఆశ్రయమైంది. దాని అరల పొడవు 246 కిలోమీటర్లు. 2019 చివర మూతపడిన భవనాన్ని, ఆ ఏడే స్థాపితమై తరువాత రూబెన్ కాలేజీగా పేరు మార్చుకున్న సంస్థతో పంచుకునేలా సవరించి, 2023లో తిరిగి తెరిచారు. పుస్తకాల స్థానాన్ని కుర్చీలూ బల్లలూ ఆక్రమించాయని బాధపడేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. కానీ శాస్త్ర విద్యార్థి ఉన్న చోటే గ్రంథాలయం ఉండాలన్నది ఆక్లండ్ వాదం కనుక, ఈ మార్పు ఆ వాదానికి విరుద్ధం కాదు. యాత్రికులు ఫొటోలు తీసుకునే గుమ్మటం రాడ్‌క్లిఫ్ డబ్బుతో కట్టినదే అయినా, ఆయన గ్రంథాలయానికి న్యాయమైన వారసత్వం పార్క్స్ రోడ్డు మూలనున్న ఈ భవనానిదే.