లెన్సుకీ కెమెరాకీ పడిన ముడి

“నికానా, కెనానా?” అన్న ప్రశ్న ఒకప్పటి “ఎన్టీఆరా, ఏయన్నారా?” లాంటిది. జవాబు వింటే చెప్పినవాడి గురించి కొంత తెలుస్తుంది కానీ, అడిగినవాడికి ఒరిగేది తక్కువ. ఇప్పుడు ఆ ఇద్దరి మధ్యకి సోనీ కూడా వచ్చి కూర్చుంది. ఉద్యోగంలో చేరి మొదటి బోనస్‌తో కెమెరా కొన్నవాళ్ళు నా చుట్టూ చాలామందే ఉన్నారు. అందరూ ముందు బాడీ గురించే అడుగుతారు: ఎన్ని మెగాపిక్సెల్స్, వీడియో ఎంత, సెకనుకి ఎన్ని ఫోటోలు? లెన్సుల సంగతి తర్వాత చూద్దాంలే అంటారు. చరిత్ర నడిచిన వరస మాత్రం దీనికి తలకిందులు. ఫోటోగ్రఫీ పుట్టాక దాదాపు తొంభై ఏళ్ళపాటు లెన్సే ఆస్తి, కెమెరా దాన్ని మోసే పెట్టె. ఏ కంపెనీ అన్న ప్రశ్న ఎప్పుడు పుట్టింది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్నదే ఈ వ్యాసం.

చెక్కపెట్టె కాలం

అప్పటి కెమెరా అంటే ముందొక చట్రం, వెనకొక చట్రం, మధ్యలో ముడుచుకునే తిత్తి. ముందు చట్రంలో ఒక చెక్కపలక. దానికి కావలసినంత రంధ్రం చేసి, ఏ కంపెనీ లెన్సునైనా బిగించుకోవచ్చు. పెట్టెని చెయ్యి తిరిగిన వడ్రంగి చేసిపెట్టగలడు. లెన్సు అలా కాదు. 1840లో వియన్నాలో గణితం ప్రొఫెసర్ జోసెఫ్ పెట్జ్వాల్ పోర్ట్రెయిట్ లెన్సుకి లెక్కలు కట్టడానికి కూర్చుంటే, ఆస్ట్రియా సైన్యం ఫిరంగి దళం నుంచి లెక్కలు బాగా వచ్చిన కొందరిని ఆయనకి సాయం పంపారు. కంప్యూటర్ అన్న మాట మనుషులకే చెల్లిన రోజులవి. ఆ లెన్సు వచ్చాక, ఫోటో కోసం నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన అవస్థ నిమిషంలోపుకి తగ్గింది. మారింది పెట్టె కాదు, ముందున్న గాజు.

తెలుగు నేల మీద ఈ కాలానికి పెద్ద గుర్తు రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫోటోల వైపు వచ్చాడు. (ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేసుకుంటూ కెమెరా పట్టడం మన తరం కనిపెట్టిన వ్యసనమేమీ కాదన్నమాట.) 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మహళ్ళు, వేటలు, దర్బారులు, కుటుంబాలు. ఇవాళ ఆ ఫోటోలు చూసి “ఇది ఏ కంపెనీ కెమెరా?” అని ఎవరూ అడగరు. అడిగినా పెద్దగా అర్థం ఉండదు. ఆ కాలపు పనివాడికి భవనానికో లెన్సు, మనిషి ముఖానికో లెన్సు. పెట్టె ఏదైనా నడుస్తుంది.

ఈ స్వేచ్ఛ దక్షిణాదిలో చాలాకాలం నిలిచింది. కేరళలో ఆలప్పుళలో, సంగీత వాయిద్యాలు బాగుచేసే ఇంట్లో పుట్టిన కె. కరుణాకరన్ 1940లలో వాగీశ్వరి అనే చెక్క కెమెరా తయారుచేయడం మొదలుపెట్టాడు. పాడైన కెమెరా తిత్తి ఒకటి బాగుచెయ్యమని అడగడంతో మొదలైన కథ అది. స్టూడియోల్లో దశాబ్దాలపాటు ఆ పెట్టెలు పనిచేశాయి. పెట్టె ఆలప్పుళది కావచ్చు, ముందున్న గాజు సముద్రం దాటి వచ్చింది కావచ్చు. రెండిటికీ పేచీ లేదు, ఎందుకంటే మధ్యలో ఉన్నది చెక్కపలక. దాని మీద ఏ కంపెనీకీ హక్కు లేదు.

ముడి పడింది

1925లో లైకా వచ్చింది. సినిమా ఫిల్ము వాడే చిన్న కెమెరా. పెట్టె చిన్నదయ్యేసరికి వడ్రంగి పని చాలలేదు. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య దూరం మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కుదరాలి. 1930ల మొదట్లో లైకా ఆ దూరాన్ని 28.8 మిల్లీమీటర్లుగా స్థిరపరిచి, 39 మిల్లీమీటర్ల మర పెట్టింది. లెన్సు బిగించే ఈ ఏర్పాటుకే మౌంట్ అని పేరు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఇంటర్‌ఫేస్. ఆ కొలత ఎవరి చేతిలో ఉంటే, లెన్సు భవిష్యత్తు వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

బ్రాండ్ అభిమానులు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. 1936లో మార్కెట్లోకి వచ్చిన కెనాన్ మొదటి కెమెరా, హన్సా కెనాన్‌కి లెన్సు చేసిచ్చింది నిప్పాన్ కొగాకు. అంటే నేటి నికాన్. కెనాన్‌కి అప్పటికి సొంత లెన్సు లేదు, నికాన్‌కి అప్పటికి సొంత కెమెరా లేదు. తర్వాత నికాన్‌కి పేరు తెచ్చింది కూడా కెమెరా కాదు. 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సులు చూసి, తన లైకాకి బిగించుకుని కొరియా యుద్ధానికి వెళ్ళాడు. ఆ నెగెటివ్‌ల స్పష్టత చూసి అమెరికాలో సంపాదకులు ఆశ్చర్యపోయారు. ఇతరుల పెట్టె మీద తన గాజు నిలబడ్డాకే నికాన్ ప్రపంచానికి తెలిసింది.

1959లో నికాన్ ఎఫ్, దానితోపాటు ఎఫ్ మౌంట్ వచ్చాయి. ఇకనుంచి ఎవరి మౌంట్ వాళ్ళది. కెనాన్‌దొకటి, మినోల్టాదొకటి. పెంటాక్స్ మాత్రం 1975లో తెచ్చిన కె మౌంట్‌ని ఇతర కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. కెమెరా కొనడం అంటే ఒక ఇంట్లోకి పిల్లనివ్వడం లాంటిదైంది. తర్వాత పెట్టేదంతా ఆ ఇంటికే.

సినిమావాళ్ళు ఈ ఇరుకులో పూర్తిగా పడలేదు. పెద్ద సినిమాల్లో కెమెరాలు, లెన్సులు సాధారణంగా అద్దెకొస్తాయి. ఏ సినిమాకి ఏం కావాలో ఆ గాజే తెచ్చుకుంటారు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. మన్యం కొండలు తెర నిండా పరుచుకోవడం వెనక ఉన్న సూత్రం ఇదీ: ఫిల్ము వెడల్పు మారలేదు, అదే 35 మిల్లీమీటర్లు. అనామార్ఫిక్ లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది, హాల్లో ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్ళీ విప్పుతుంది. గాజు మారింది, తెలుగు తెర వెడల్పయింది.

గూడూరు లెక్క

ఇక మా గూడూరు. మద్రాసు నుంచి విజయవాడ వెళ్ళే రైలుదారిలో రేణిగుంట వైపు చీలే జంక్షన్. నెల్లూరు జిల్లాలో ఉంటూ 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కెమెరాకీ మా ఊరికీ ఏం సంబంధం అంటే, ఒక విచిత్రమైన సంబంధం ఉంది. పక్కనే చిల్లకూరు, కోట మండలాల్లో తెల్లటి సిలికా ఇసుక దొరుకుతుంది. లారీల్లో గాజు ఫ్యాక్టరీలకి పోతుంది. కిటికీ అద్దాలకీ సీసాలకీ మూలం అదే పదార్థం. లెన్సుకి మూలం కూడా సిలికాయే, కానీ ఆ ఇసుకకీ లెన్సుకీ మధ్య అతి శుద్ధి, కలిపే ఇతర ఖనిజాలు, రోజుల తరబడి నెమ్మదిగా చల్లార్చడం, అరగదీయడం, పూతలు ఉన్నాయి. మా ఇసుక లారీ లెక్కన అమ్ముడవుతుంది, లెన్సు గ్రాముల్లో తూగి లక్షల్లో పలుకుతుంది. ఆ తేడాయే ఈ కథలో డబ్బంతా.

దిగుమతుల మీద కట్టుబాట్లున్న కాలంలో మా వైపు బ్రాండ్ ఎంపిక అనేది పెద్దగా లేదు. దొరికిందే బ్రాండ్. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చింది, లేదా మద్రాసు బర్మా బజారులో బేరమాడి తెచ్చుకున్నది. నా చిన్నప్పుడు స్టూడియోల్లో చూసినవి యాషికాలు, పెంటాక్స్ కె1000లు. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడే పెంటాక్స్ పెళ్ళిళ్ళకి నమ్మకస్థుడైన పనివాడు. ఎక్కువమంది దగ్గర లెన్సు ఒక్కటే, 50 మిల్లీమీటర్లది. దగ్గరికి రావాలంటే జూమ్ తిప్పరు, నడిచి వస్తారు.

ఆ సమయంలోనే, 1987లో, జపాన్‌లో ఒక పెద్ద తెగతెంపు జరిగింది. ఆటోఫోకస్ కోసం కెనాన్ తన పాత ఎఫ్‌డి మౌంట్‌ని పూర్తిగా వదిలేసి, ఈఎఫ్ అనే కొత్తది తెచ్చింది. మోటారు లెన్సులోనే, కబుర్లన్నీ కరెంటు ద్వారానే. ఎఫ్‌డి లెన్సులు పోగేసుకున్నవాళ్ళు ఒక్క ప్రకటనతో పాతవాళ్ళైపోయారు. నికాన్ పాత ముడి తెంపలేదు. మోటారు కెమెరాలో పెట్టి, చిన్న స్క్రూతో లెన్సుని తిప్పింది. అప్పటికి మర్యాదస్తురాలు నికానే అనిపిస్తుంది. కానీ ఆ మర్యాదకీ షరతులున్నాయి. 2006లో డి40తో మొదలుపెట్టి, చవక కెమెరాల్లోంచి ఆ మోటారు తీసేసింది. మన ఊళ్ళలో విపరీతంగా అమ్ముడైన డి3100 కూడా ఆ కోవదే. చవకగా దొరికే 50 ఎఫ్1.8డి లెన్సు దానికి బిగుస్తుంది కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. మౌంట్ ఒకటే అయినంత మాత్రాన లోపల మాట్లాడుకుంటాయని కాదు. పాత కోడ్ నడవాలని పట్టుబట్టిన ఏ సాఫ్ట్‌వేర్ టీముకైనా ఈ అనుభవం తెలుసు. తెంపినా నొప్పే, తెంపకపోయినా నొప్పే.

చేత్తో తిప్పుకుంటే పోయేదేముంది అనొచ్చు. మన పెళ్ళి చూడండి. ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామో. హోమం పొగ, రంగురంగుల సీరియల్ లైట్లు. తెర తొలగి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. అక్కడ లెన్సు తేడా లెక్కల్లో తేలుతుంది: ఎఫ్5.6 లెన్సు కన్నా ఎఫ్2.8 లెన్సు నాలుగు రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది, ఎఫ్1.8 దాదాపు పది రెట్లు. కొత్త బాడీ కొన్నంత మాత్రాన పెళ్ళిపందిట్లో వెలుతురు పెరగదు. పెళ్ళిఫోటోలు తీసేవాళ్ళు 70-200 ఎఫ్2.8 కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. అది మోజు కాదు, పనిముట్టు మీద పెట్టుబడి.

2018లో ఆ పెట్టుబడి కింద నేల కదిలింది. అద్దం లేని కెమెరాల కోసం నికాన్ జడ్ మౌంట్, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ ఒకే ఏడాది వచ్చాయి. 1959 నుంచి నడిచిన ఎఫ్ మౌంట్ కొత్త వారసులు లేని పెద్దమనిషైంది. సోనీ 2010లోనే ఈ మౌంట్ తెచ్చి, మరుసటేడు దాని ప్రాథమిక కొలతలు ఇతర కంపెనీలకి ఉచితంగా ఇచ్చింది. సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి కుప్పలుగా రావడానికి అదొక కారణం. కెనాన్ తన తలుపు చాలాకాలం మూసి ఉంచింది. 2024లో గానీ సిగ్మా, టామ్రాన్‌లకి, అదీ చిన్న సెన్సరు లెన్సుల వరకే, దారివ్వలేదు. చెక్కపలక కాలపు స్వేచ్ఛలో ఎంత భాగం ఎవరు తిరిగిస్తారన్నదే ఇవాళ్టి బ్రాండ్ల పోటీ అని నాకనిపిస్తుంది.

మా ఊళ్ళో ఒక స్టూడియో ఆయన్ని అడిగాను, “కొత్తదానికి మారతారా అన్నా?” అని. ఆయన కంపెనీ పేరు ఎత్తలేదు. “నా దగ్గరున్న గాజు అమ్మితే ఎంతొస్తాదో చెప్పు, అప్పుడు మాట్లాడదాం” అన్నాడు. తర్వాత ఇంకో మాట చేర్చాడు: “పెళ్ళిలో లెన్సు మొరాయిస్తే రాత్రికి రాత్రి నెల్లూరులో ఎవురి దగ్గర అప్పు దొరుకుద్దో, అదే నా కంపెనీ.”

నేను చదివిన ఏ సమీక్షలోనూ ఇంత సూటిగా లేదు. చిన్న ఊళ్ళో బ్రాండ్ అంటే కంపెనీ ప్రకటన కాదు. బాగుచేసే చెయ్యి, అప్పిచ్చే స్నేహితుడు, పాతది కొనుక్కునే ఇంకొకడు. డంకన్‌కి టోక్యోలో దొరికిందీ, ఆలప్పుళ స్టూడియోకి కరుణాకరన్ రూపంలో దొరికిందీ అదే కదా.

కాబట్టి ఎవరైనా అడిగితే నేనిప్పుడు తిరిగి అడిగేది ఒకటే, ఏం తీస్తావని. నాయుడుపేట దాటి నేలపట్టులో గూడబాతులు తీయాలంటే 600 మిల్లీమీటర్ల దాకా వెళ్ళే లెన్సు కావాలి, దాన్ని పట్టుకునే బాడీ ఓ మోస్తరుదైనా చాలు. శ్రీహరికోట నుంచి రాత్రిపూట లేచే రాకెట్ మంటగీతని ఒకే ఫ్రేములో పట్టాలంటే వెడల్పు లెన్సు, ఒక స్టాండు సరిపోతాయి. పెళ్ళిళ్ళంటే సంగతి చూశాం. ముందు గాజు తేల్చుకోండి. ఆ గాజు ఏ మౌంట్‌లో అందుబాటు ధరకి, పాతదైనా దొరుకుతుందో, చుట్టూ ఎవరి దగ్గర ఉందో చూడండి. బ్రాండ్ పేరు చివర్లో దానంతటదే తేలుతుంది.

ఒక ఊరట కూడా ఉంది. జడ్ మౌంట్‌లో లెన్సుకీ సెన్సరుకీ దూరం 16 మిల్లీమీటర్లే, ఎఫ్ మౌంట్‌లో అది 46.5. మధ్యలో మిగిలిన ఖాళీలో ఒక లోహపు వలయం పెడితే పాత లెన్సు కొత్త కెమెరాకి అమరుతుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. యాషికాలు, పెంటాక్స్‌ల నాటి 50 మిల్లీమీటర్ల లెన్సులకీ ఇలాంటి వలయాలు కొన్ని వందల రూపాయలకి దొరుకుతున్నాయి. బూజు పట్టకుండా దాచినవాళ్ళు బీరువా తెరిచి చూసుకోవచ్చు.