స్పానిష్ ఉచ్చారణ, ఊనిక గుర్తు

స్పానిష్‌లో రాసినదాన్ని చూసి దాదాపు తప్పులేకుండా చదవవచ్చు. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఏ మాటలోనైనా వాటి ధ్వని పెద్దగా మారదు. 'హెచ్' పలకదు. 'టి', 'డి'లను త, దలుగా పలకాలి కనుక తెలుగువారికి సులువే.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఊనిక మీద. మాట అచ్చుతో గాని, 'ఎన్', 'ఎస్'లతో గాని ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలుకుతారు: 'కాస' (ఇల్లు)లో 'కా'. మిగతా హల్లులతో ముగిస్తే ఊనిక చివరి అక్షరానిదే. మాడ్రిడ్‌ను 'మద్రిద్' అంటూ 'ద్రిద్'ను ఒత్తుతారు. ఈ సూత్రానికి లొంగని మాటల్లో ఊనిక పడే అచ్చుపై 'తిల్దె' అనే వాలుగీత పెడతారు. 'మూసిక' (సంగీతం)లో 'మూ' మీద గీత అందుకే. ఇది అలంకారం కాదు, అర్థాన్నే మార్చేస్తుంది. 'ఆబ్లొ' అంటే 'మాట్లాడతాను'. చివరి అచ్చుపై గీత పెట్టి 'అబ్లో' అంటే 'అతను మాట్లాడాడు'.

'ఇ', 'ఉ'ల పక్కన మరో అచ్చు వస్తే సాధారణంగా రెండూ కలిసి ఒకే అక్షరమవుతాయి. 'దీ-అ' (రోజు)లో అవి విడిపోయాయి కాబట్టి 'ఇ'పై గీత తప్పనిసరి. పెద్ద అక్షరాల్లో రాసినా గీత వదలకూడదన్నది స్పానిష్ రాయల్ అకాడమీ నియమం.