అదే కోట, అదే రాక్షసుడు, వారం వారం

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆఖరి లెవెల్ దాకా పట్టుదలగా వచ్చినవాళ్లు, తీరా అక్కడ మొదలయ్యే ఎండ్‌గేమ్‌లో కొన్నాళ్లకే నీరసపడిపోవడం పాతికేళ్లుగా ఉన్నదే. ఆడేవాళ్లకు ఓపిక లేదని కొందరంటారు, తయారుచేసేవాళ్లకు ఊహ కరువైందని మరికొందరంటారు. ఈ ఆటల చరిత్ర చూస్తే రెండూ నిలబడే వాదనలు కావు. ఆట లోంచి ముగింపును తీసేశారు కాబట్టి ఆ ఖాళీలోకి విసుగు వచ్చి కూర్చుంది. మొదట్లో ముగింపు ఉండేది మరి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టల్ ముందుకు తీసుకెళ్లిన ‘మడ్’, బొమ్మలు లేని ఉత్త అక్షరాల ఆట, ఈ వంశానికి మూలపురుషుడు. అందులో పాయింట్లు కూడబెట్టుకుంటూ పోతే చివరికి మాంత్రికుడి హోదా దక్కేది. ఆ తర్వాత సాధించాల్సిందేమీ ఉండదు. మిగతావాళ్ల ఆటను పర్యవేక్షించడం, వీలైతే వాళ్లను కాస్త ఏడిపించడం, అంతే.

నెలవారీ చందా వచ్చాక ఈ ఏర్పాటు కుదరలేదు. నెల నెలా డబ్బు కట్టేవాడికి ‘గెలిచావు, ఇక వెళ్లిరా’ అని చెప్పే వ్యాపారి ఎవరుంటారు? 1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో 50వ లెవెల్ చేరినవాళ్లకు నాగఫెన్, వాక్స్ అనే డ్రాగన్లను చూపించారు. ఒక్కోదాన్ని కూల్చడానికి డజన్ల కొద్దీ మనుషులు కావాలి, దొరికే వస్తువులు మాత్రం గుప్పెడు. ఎవరికి ఏది చెందాలన్న తగువు తీర్చడానికి ఆటగాళ్లే, కంపెనీ కాదు, డీకేపీ అనే పాయింట్ల పద్ధతి కనిపెట్టుకున్నారు. ఇలాంటి మూకుమ్మడి దాడికి, అంటే రెయిడ్‌కు, వచ్చినందుకు ఇన్ని పాయింట్లు జమ, కత్తి తీసుకున్నందుకు ఇన్ని ఖర్చు. సరదాగా మొదలైనదానికి హాజరుపట్టీ వచ్చి చేరింది.

2004 నవంబర్‌లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ పద్ధతిని లక్షలమందికి అలవాటు చేసింది. 60వ లెవెల్ అయ్యాక మోల్టెన్ కోర్ అనే నిప్పుల గుహలోకి 40 మంది కలిసి వెళ్లాలి. నిప్పును తట్టుకునే కవచాలు ముందే సమకూర్చుకోవాలి, దారిలో బాస్‌ల దగ్గర మండే గుర్తులను ఒక్కొక్కటిగా ఆర్పాలి, అప్పుడు గానీ ఆఖరివాడు రాగ్నరోస్ బయటికి రాడు. వాణ్ని చంపినా, వారం తిరిగేసరికి గుహ మళ్లీ కొత్తదైపోతుంది, వాడు మళ్లీ లేస్తాడు. అదే ఆటలో 2006 జూన్‌లో తెరిచిన నక్స్‌రామస్ అనే కోటలో నలుగురు గుర్రపు రౌతులతో పోరాటానికి మామూలుగా ఎనిమిదిమంది ట్యాంకులు, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాళ్లు, కావలసి వచ్చేది. వాళ్లలో ఇద్దరు ఆ రాత్రి రాకపోతే మిగతావాళ్ల సాయంత్రం గంగపాలు. జనం నెలల తరబడి వెళ్లింది అందుకే అనుకుంటాను. రాక్షసుడి మీద మోజు ఎప్పుడో తీరిపోయినా, రానంటే 39 మందికి మొహం చూపించలేరు.

అసలు ఆకర్షణ కంటెంట్‌దేనన్న మాటకు చరిత్రలోనే ఒక పరీక్ష ఉంది. 2006లో నక్స్‌రామస్ ఆఖరి బాస్ కెల్‌థుజాద్‌ను మొదటిసారి పడగొట్టడానికి సెప్టెంబర్ దాకా పట్టింది. 2020 డిసెంబర్‌లో పాత ఆటను తిరిగి తెచ్చిన క్లాసిక్ రూపంలో అదే కోట తలుపు తీస్తే, మొదటి జట్లు గంటల్లో ముగించేశాయి. గోడలు అవే, బాస్‌లు వాళ్లే. తెలియనితనమే పోయింది. ఇంకో రుజువు అదే ఆటకు 2014 చివర వచ్చిన ఎక్స్‌పాన్షన్, వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్. అంతకుముందు సెప్టెంబర్‌లో 74 లక్షలున్న చందాదారులు విడుదలతో కోటి దాటారు, 2015 మార్చి ఆఖరుకు 71 లక్షలకు దిగారు. ఆ మధ్యలో, ఫిబ్రవరిలో తెరిచిన బ్లాక్‌రాక్ ఫౌండ్రీని రెయిడర్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. రెయిడ్ బాగున్నా జనం ఆగలేదు. సంఖ్య 55 లక్షలకు పడ్డాక కంపెనీ ఆ లెక్కలు ప్రకటించడమే మానేసింది.

దీనికి వేరే పోటీ కారణమని, 2009లో ఉచితంగా వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్, ఆ తర్వాత ఫోన్ ఆటలు జనాన్ని లాగేసుకున్నాయని వాదించవచ్చు. కొంత నిజమే. కానీ పోటీ లాక్కుంటే పోయినవాళ్లు పోయినట్టే ఉండాలి. వీళ్లు కొత్త ఎక్స్‌పాన్షన్ రాగానే లక్షల్లో తిరిగొచ్చారు, లెవెళ్లు పూర్తిచేశారు, వెళ్లిపోయారు. అంటే వాళ్లకు నచ్చేది ప్రయాణం. మరో అభ్యంతరం ఇంకా గట్టిది: 40 మంది కట్టుబాటు అంత గొప్పదైతే, ఆ కోటను చూసినవాళ్లు అంత కొద్దిమందే ఎందుకయ్యారు? ఒప్పుకోవాల్సిందే. అందుకే 2008లో నక్స్‌రామస్‌ను 10 మందికి, 25 మందికి సరిపడేలా మళ్లీ కట్టారు, 2011 నవంబర్‌లో రెయిడ్ ఫైండర్ తెచ్చి ముక్కూమొహం తెలియని 25 మందిని ఒక బటన్‌తో కలిపారు. న్యాయంగా తలుపు అందరికీ తెరుచుకుంది. కాకపోతే అక్కడ నువ్వు రాకపోతే అడిగేవాడు లేడు, నీ చోట్లో క్షణంలో ఇంకొకడు నిలబడతాడు. కట్టిపడేసే మొహమాటం పోయాక మిగిలింది వారం వారం లేచే రాక్షసుడే.

ఫైనల్ ఫాంటసీ 14ను నడిపే నవోకి యోషిదా మాత్రం విసుగొస్తే ఆపేయండి, వేరే ఆటలు ఆడుకోండి, కొత్త ప్యాచ్‌కు రండి అని బహిరంగంగానే చెబుతూ వచ్చాడు. చందా మీద బతికే ఆటలో ఇంత నిజాయితీ అరుదు. అయితే అదే ఆటలో కష్టపడి కొనుక్కున్న ఇల్లు ఉన్నవాడు 45 రోజులపాటు ఆ గడప తొక్కకపోతే దాన్ని కూల్చేసే నిబంధన కూడా ఉంది.