తొలి డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా: బాడీ కంటే లెన్స్‌కే పెద్దపీట

పాత ఢిల్లీలోని చాందినీ చౌక్‌లో, ఎర్రకోటకు కూతవేటు దూరంలో కూచా చౌధరీ అనే ఇరుకైన సందు ఉంది. కెమెరాలు, లెన్స్‌లు, ఫ్లాష్‌లు, ట్రైపాడ్లు అమ్మే దుకాణాలతో, మరమ్మతు కేంద్రాలతో కిటకిటలాడే ఈ సందు రాజధాని ప్రాంత ఛాయాగ్రాహకులకు చిరపరిచితం. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువత కూడా తొలి కెమెరా కోసం తరచుగా ఇక్కడికే వస్తుంటారు. వారి చేతిలో ఉండేది చాలాసార్లు నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. పెళ్లిళ్లు, వేడుకల ఛాయాచిత్రణను ఉపాధిగా మలచుకోదలచిన వారికి అదే తొలి పెట్టుబడి. అందువల్ల దుకాణం మెట్లు ఎక్కే ముందే ఏం కొనాలో, ఎందుకు కొనాలో స్పష్టత ఉండటం అవసరం.

డీఎస్‌ఎల్‌ఆర్ అంటే

డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అనే పేరుకు సంక్షిప్త రూపమే డీఎస్‌ఎల్‌ఆర్. లెన్స్ గుండా వచ్చిన కాంతి లోపలి అద్దంపై పడి, పైకి మళ్లి, కంటితో చూసే గవాక్షానికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, కాంతి నేరుగా సెన్సర్‌పై పడుతుంది. ఏ లెన్స్ దృశ్యాన్ని బంధిస్తుందో ఆ లెన్స్ గుండానే కన్ను చూడటం, అవసరాన్ని బట్టి లెన్స్ మార్చుకోగలగడం ఈ కెమెరాల ప్రత్యేకత.

నికాన్ 1999లో డీ1ను, కెనాన్ 2003లో సామాన్యులకు అందుబాటు ధరలో ఈఓఎస్ 300డీని విడుదల చేయడంతో ఈ కెమెరాల వాడకం విస్తరించింది. అయితే అద్దం అవసరం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు పరిశ్రమ ఇప్పుడు మళ్లింది. ఈ రెండు సంస్థలూ 2018లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం కొత్త లెన్స్ మౌంట్లను ప్రవేశపెట్టాయి. 2020 తరువాత వాటి నుంచి చెప్పుకోదగిన కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ నమూనా రాలేదు.

దీన్ని లోపంగా మాత్రమే చూడనక్కరలేదు. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారడంతో మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు, లెన్స్‌లు వాడిన సరుకు విపణిలో విరివిగా దొరుకుతున్నాయి. పరిమిత బడ్జెట్‌తో ఛాయాచిత్రణ నేర్చుకోదలచిన వారికి ఇది మేలే. పదేళ్ల పాటు ఒకే వ్యవస్థను పెంచుకుంటూ పోవాలనుకునే వారు మాత్రం మిర్రర్‌లెస్ ధరలను కూడా పోల్చి చూసుకున్న తరువాతే నిర్ణయానికి రావాలి.

ముందుగా తేల్చుకోవలసింది అవసరం

ఏ కెమెరా మంచిదన్న ప్రశ్న కంటే ఏమి చిత్రించాలన్న ప్రశ్న ముందు రావాలి. హుమాయూన్ సమాధి, లోధీ ఉద్యానం వంటి కట్టడాలకు విశాల దృశ్యాన్ని ఇముడ్చుకునే లెన్స్ కావాలి. చలికాలంలో ఓఖ్లా పక్షుల అభయారణ్యానికో, గురుగ్రామ్ సమీపంలోని సుల్తాన్‌పూర్ జాతీయ పార్కుకో వచ్చే వలస పక్షులను చిత్రించాలంటే దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో లెన్స్ ఉండాలి. సాయంత్రం వేళ బతుకమ్మ వేడుకలకు, కల్యాణ మండపాలలో జరిగే పెళ్లిళ్లకు తక్కువ వెలుతురులో పనిచేసే లెన్స్ అత్యవసరం. ఈ మూడు పనులూ సమానంగా చేసే చవకైన లెన్స్ ఏదీ లేదు. అవసరం తేలితే సగం ఎంపిక పూర్తయినట్లే.

బాడీ ఎంపిక

ప్రారంభ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో సాధారణంగా ఏపీఎస్-సీ పరిమాణపు సెన్సర్ ఉంటుంది. ఇది 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కంటే చిన్నది. అందువల్ల నికాన్‌లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ వాడినట్లుగా దృశ్యం ఇరుకవుతుంది. 50 మి.మీ. లెన్స్ నికాన్ ఏపీఎస్-సీ కెమెరాపై 75 మి.మీ. లెన్స్‌తో సమానమైన దృశ్యాన్ని చూపుతుంది. పక్షులను చిత్రించే వారికి ఇది లాభం, ఇరుకు గదుల్లో చిత్రించే వారికి ఇబ్బంది.

2018లో వచ్చిన నికాన్ డీ3500, కెనాన్ ఈఓఎస్ 1500డీ రెండూ సుమారు 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉన్న కెమెరాలే. పెద్ద ఆల్బమ్ ముద్రణకు ఈ సామర్థ్యం సరిపోతుంది. కాబట్టి మెగాపిక్సెళ్ల పోటీలో పడటం అనవసరం. బ్యాటరీ సామర్థ్యంలో మాత్రం తేడా ఉంది. ప్రామాణిక పరీక్ష ప్రకారం ఒక ఛార్జింగ్‌తో డీ3500 సుమారు 1,550 చిత్రాలు, 1500డీ సుమారు 500 చిత్రాలు తీయగలవు. రోజంతా సాగే వేడుకలకు వెళ్లేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చేతి పట్టు, బరువు, మీటల అమరిక అంకెలలో కనిపించవు. దుకాణంలో రెండు కెమెరాలనూ చేతిలోకి తీసుకుని చూడటం మేలు.

లెన్స్‌ల సంగతి

కెమెరా బాడీ కొన్నేళ్లకే పాతబడుతుంది. మంచి లెన్స్ మాత్రం దశాబ్దాలు నిలుస్తుంది. కెనాన్ 1987 నుంచి విడుదల చేసిన ఈఎఫ్ లెన్స్‌లు ఆ సంస్థ ఈఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్‌లన్నింటిపైనా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. బడ్జెట్‌లో అధిక భాగాన్ని బాడీకే వెచ్చించి, లెన్స్‌కు ఏమీ మిగుల్చుకోకపోవడం కొత్తవారిలో కనిపించే పొరపాటు. ఒక మెట్టు తక్కువ బాడీ కొని, మిగిలిన సొమ్ముతో రెండో లెన్స్ తీసుకుంటే చిత్రాలలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్ పగటి వెలుతురులో కట్టడాలకు, వీధి దృశ్యాలకు, కుటుంబ చిత్రాలకు సరిపోతుంది. జూమ్ చివరి అంచున దాని గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్ 5.6 మాత్రమే. రెండో లెన్స్‌గా 50 మి.మీ. ఎఫ్ 1.8ను నిపుణులు సూచించడానికి కారణం ఇక్కడే ఉంది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 వద్ద లెన్స్ దాదాపు పది రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి పంపుతుంది. దీపాల వెలుగులో ముఖాలు మసకబారకుండా రావాలన్నా, వెనుక దృశ్యం మెత్తగా కరిగిపోవాలన్నా ఈ తేడాయే కీలకం. ధరలోనూ ఇది అందుబాటులో ఉండే లెన్స్. ఇరుకు ఇళ్లలో చిత్రించేవారికి మాత్రం 35 మి.మీ. లెన్స్ మరింత అనువు. పక్షులపై ఆసక్తి ఉంటే 70-300 మి.మీ. జూమ్ గురించి ఆలోచించవచ్చు.

లెన్స్ కొనేటప్పుడు పొంతన చూడటం ముఖ్యం. నికాన్ డీ3000, డీ5000 శ్రేణుల బాడీలలో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్స్ చవకగా దొరికిందని కొంటే, ఆ కెమెరాలపై ఆటో ఫోకస్ పనిచేయదు, చేతితోనే ఫోకస్ చేసుకోవాలి. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు అమరవు. భవిష్యత్తులో మిర్రర్‌లెస్‌కు మారదలిస్తే అడాప్టర్ సాయంతో కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లను, మోటార్ ఉన్న నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్స్‌లను ఆటో ఫోకస్‌తో సహా వాడుకోవచ్చు.

వాడిన కెమెరా కొనేటప్పుడు

వాడిన కెమెరా విషయంలో మొదట తెలుసుకోవలసింది షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్నది. ప్రారంభ స్థాయి కెమెరాల షట్టర్‌కు తయారీదారులు చెప్పే ఆయుష్షు సాధారణంగా లక్ష చిత్రాల వరకు ఉంటుంది. నికాన్ కెమెరాతో తీసిన చిత్రం ఫైలులోని సమాచారం నుంచి ఈ లెక్క తెలుస్తుంది. కెనాన్‌లో చాలా నమూనాలకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరం.

తెల్లటి గోడను ఎఫ్ 16 వద్ద చిత్రించి పెద్దదిగా చేసి చూస్తే సెన్సర్‌పై మచ్చలు బయటపడతాయి. దుమ్మయితే శుభ్రం చేయవచ్చు, గీతలైతే కొనకపోవడమే మంచిది. లెన్స్ గుండా సెల్‌ఫోన్ టార్చి వెలుగు పంపి చూస్తే లోపల సాలెగూడులాంటి బూజు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఎక్కువైన తీర పట్టణాలకు తీసుకువెళ్లే లెన్స్‌లకు ఈ బెడద అధికం. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచడం చవకైన నివారణ.

బిల్లు, వారంటీ

అధికారిక మార్గంలో దిగుమతి కాని సరుకు కొంత తక్కువ ధరకు దొరుకుతుంది. దానికి భారతదేశంలో తయారీ సంస్థ వారంటీ వర్తించకపోవచ్చు. నిబంధనల ప్రకారం దిగుమతి సరుకు పెట్టెపై దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. అవి లేని పెట్టెను అనుమానించాలి. బాడీపై ఉన్న వరుస సంఖ్య, పెట్టెపై ఉన్న సంఖ్య, బిల్లులోని సంఖ్య ఒకటేనని సరిచూసుకోవాలి. డిజిటల్ కెమెరాలపై జీఎస్టీని 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్ను మిగులుతుందన్న మాటకు లొంగి బిల్లు వదులుకుంటే, ఆ తరువాత ఫిర్యాదుకు ఆధారం ఉండదు. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను సంప్రదించవచ్చు.

అభ్యాసమే ప్రధానం

హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ప్రసిద్ధికెక్కిన రాజా దీన్ దయాళ్ 1844లో మీరట్ జిల్లా సర్ధనాలో జన్మించారు. ఆ జిల్లా ఇప్పుడు జాతీయ రాజధాని ప్రాంతంలో భాగం. బరువైన కెమెరాతో, గాజు పలకలపై ఆయన బంధించిన కట్టడాలు, దర్బారులు నేటికీ చరిత్రకారులకు ఆధారాలు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం ఆయన గాజు నెగటివ్‌లను భద్రపరుస్తోంది. నేటి ప్రారంభ స్థాయి కెమెరాలో ఉన్న సౌకర్యాలలో ఏ ఒక్కటీ ఆయనకు లేదు.

కొత్తవారు మొదటి ఆరు నెలలు కిట్ లెన్స్‌తోనే సాధన చేయాలి. ఎపర్చర్, షట్టర్ వేగం, ఐఎస్‌ఓ అనే మూడింటి మధ్య సమతూకాన్ని చేతికి అలవాటు చేసుకోవాలి. తీసిన చిత్రాలలో ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువగా వాడారో చూసుకుంటే తరువాత కొనవలసిన లెన్స్ ఏదో వాటి నుంచే తెలుస్తుంది. పురావస్తు శాఖ కట్టడాలలో ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. బడ్జెట్ రాసుకునేటప్పుడు మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, సంచి, శుభ్రపరిచే సామగ్రికి కొంత సొమ్ము ముందే కేటాయించుకుంటే, కొన్న మరునాడే మళ్లీ చేబదులు వెతుక్కోవలసిన అవసరం రాదు.